గోడలో పెట్టనివ్వని పొయ్యి

పని మొదలుపెట్టిన మంగళవారం పొద్దున బోన్సు దగ్గర ఉన్నవి ఇవి: నలభై రెండు వేల సెడీల డబ్బు, పన్నెండడుగుల పొడవున్న ఖాళీ గది, ఇరవై మూడేళ్ల కాపురం. కుమాసిలో ఇల్లు కట్టుకుని పదకొండేళ్లయినా వంట ఇంకా పెరట్లో రేకుల కిందే జరుగుతోంది. వాన వస్తే బొగ్గుల కుంపటిని ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తాలి. ఈ ఏడు ఆ గదిని వంటగది చేసి తీరాలని అతను గట్టిగా అనుకున్నాడు.

బోన్సుది తాళాల కొట్టు. తాళాలు, గొళ్లేలు, తలుపు బందులు అమ్ముతాడు. కొన్న తాళాన్ని బట్టి మనిషిని అంచనా కట్టడం అతనికి అలవాటు. చిన్న తాళం కొనేవాడికి దొంగల భయమనీ, పెద్ద తాళం కొనేవాడికి చుట్టాల భయమనీ నవ్వుతూ చెబుతుంటాడు. ముప్పై ఏళ్లలో ఆ అంచనా తప్పింది చాలా తక్కువ. ఇంట్లో మనిషి మీద దాన్ని వాడాల్సిన అవసరం మాత్రం ఆ మంగళవారం దాకా రాలేదు.

భార్య అఫ్రియెతో కలిసి వంటింటి సామాన్ల దుకాణానికి వెళ్లాడు. ఏం కొనాలో అతను ముందే అనుకుని ఉన్నాడు. గోడలో బిగించే ఒవెన్, దానికి గాజు తలుపు. పక్కన నల్లరాతి గట్టు, ఆ గట్టులోకి దించే నాలుగు బర్నర్ల పొయ్యి. ఒక కాంట్రాక్టరు ఇంటికి తాళాలు బిగించడానికి వెళ్లినప్పుడు చూశాడు అలాంటిది. అప్పటినుంచి అది అతని కళ్లలోనే ఉంది.

అఫ్రియె దాని వైపు ఒక్కసారి చూసి ముందుకు నడిచింది. నాలుగు కాళ్ల మీద విడిగా నిలబడే గ్యాస్ పొయ్యి దగ్గర ఆగి, ఒక మూల పట్టుకుని పైకి లేపి చూసింది. ఇద్దరు మనుషులు మోయగలరా అని దుకాణదారుని అడిగింది. చేపలు దాచుకునే పెద్ద ఫ్రీజరు దగ్గరికొచ్చి కింద చక్రాలున్నాయో లేవో వంగి చూసింది. కరెంటు ఎగుడుదిగుళ్లకి పెట్టే స్టెబిలైజరు కూడా గోడకి కొట్టే రకం వద్దంది. సంచిలోంచి కొలత టేపు తీసి ఫ్రిజ్ వెడల్పు కొలిచి, చేతిలో ఉన్న చీటీతో సరిచూసుకుంది. బోన్సు ఆ చీటీలోకి తొంగి చూశాడు. అందులో వంటగది గోడల కొలతలు లేవు, తలుపుల కొలతలున్నాయి. వంటగది తలుపు, నడవ తలుపు, వీధి తలుపు.

"గోడలో పెట్టే ఒవెన్ నీకెందుకు నచ్చలేదు?" అన్నాడు.

"పాడైతే గోడ పగలగొట్టాలి, అద్వోవా నాన్నా."

అద్వోవా వాళ్ల ఒక్కగానొక్క కూతురు, కేప్ కోస్ట్‌లో చదువుకుంటోంది. ఆ జవాబు సబబుగానే ఉంది. కానీ డబ్బు కట్టే వేళకి ఇంకో ముడి పడింది. బోన్సు జేబులో చెయ్యి పెడుతుంటే అఫ్రియె ఆపింది. గది అతనిదనీ, సామాన్లు తనవనీ, తను పొగబెట్టిన చేపలమ్మి దాచిన డబ్బుందనీ చెప్పింది. రసీదు మీద ఎవరి పేరు రాయమంటారని దుకాణదారుడు అడిగితే, భర్త పేరు వద్దని తన పేరు పూర్తిగా చెప్పి, ఒక్కో అక్షరం సరిగ్గా పడిందో లేదో చూసుకుని, మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

సామాన్లకయ్యే పద్దెనిమిది వేలు మిగిలినందుకు బోన్సు సంతోషపడాలి. పడలేకపోయాడు. ఊరికే వస్తుంటే వద్దన్న బేరగాడి మనసులో వేరే లెక్క ఉంటుందని కొట్టు అతనికి నేర్పింది.

ఆదివారం చర్చి నుంచి అతని అక్క కొనాడు వచ్చింది. భర్త పోయాక పుట్టింటివాళ్ల ఇంట్లోనే ఒక గదిలో ఉంటోంది, ఒక్కడే కొడుకు. ఆ ఊళ్లో అక్క కొడుకంటే వారసుడే. సొంత పిల్లల కంటే ముందు వాడి పేరే వస్తుంది, ఆ మాట ఎవరూ విడిగా చెప్పుకోరు. ఆమె కొత్త ఫ్రీజరు మీద కూర్చుని గదంతా చూసింది.

"గట్టు రాతితో గట్టిగా కట్టించు తమ్ముడూ. రేపు మావాడికి పెళ్లయితే వాడి పెళ్లాం కూడా ఇక్కడే వండుకోవాలి కదా," అంది నవ్వుతూ. అఫ్రియె నవ్వలేదు. పామ్‌ గింజల పులుసు గిన్నె ఆమె ముందు పెట్టి బయటికి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే కొనాడు గొంతు తగ్గించింది. "మీ ఆవిడ వంటగది కడుతోందా, మూట కడుతోందా? గోడకి తగిలించింది ఒక్కటి లేదు. అన్నీ కాళ్లూ చక్రాలూ ఉన్నవే. రసీదులు ఎవరి పేరు మీదున్నాయి?"

"ఆమె డబ్బు, ఆమె పేరు."

"అలాగే అనుకో. తాళాలమ్మేవాడివి, నీకు నేను చెప్పాలా."

అక్క వెళ్లాక చర్చి చెప్పులు మంచం కిందికి తోస్తుంటే కాలికి ఏదో అడ్డం తగిలింది. వంగి చూశాడు. పొయ్యి వచ్చిన అట్టపెట్టె, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె, మడిచి తాడుతో కట్టి ఉన్నాయి. లోపలి తెల్ల బెండు ముక్కలు కూడా ఒక గోనెసంచిలో భద్రంగా ఉన్నాయి. ఇంట్లో ఉండిపోయే సామానుకి అట్టపెట్టెలు ఎవరు దాచుకుంటారు?

ఆ సామాను తెచ్చిన బండి డ్రైవరు గురువారం తన బండి వెనక తలుపుకి గొళ్లెం కావాలని కొట్టుకొచ్చాడు. డబ్బులిస్తూ, అమ్మగారు ఓఫిన్సో సంగతి ఏమన్నారని అడిగాడు. ఫ్రీజరు, ఫ్రిజ్, పొయ్యి మూడూ ఒకేసారి ఓఫిన్సోకి చేరేయడానికి ఎంతవుతుందని ఆవిడ అడిగిందట. ఎప్పుడని అడిగితే ఎప్పుడో చెప్పలేనంటూ ఫోన్ నంబరు రాసుకుందట. బోన్సు అతనికి చిల్లర తప్పుగా ఇచ్చాడు. అలా జరగడం ఎన్నేళ్లకో.

ఆ రెండు రోజులూ ఆమె ఫోన్ మోగితే ఎవరని అడిగేవాడు. ఆమె బజారునుంచి వచ్చే వేళలు చూసుకునేవాడు. ఓఫిన్సోలో ఎవరున్నారు? అది ఆమె పుట్టిన ఊరు. ఆమె తల్లి ఉంది, మేనమామ ఇంట్లో ఒక గదిలో. తల్లి దగ్గరికి వెళ్లేదానికి అంత పెద్ద ఫ్రీజరెందుకు?

శనివారం పొద్దున గట్టు కొలవడానికి మేస్త్రీ వచ్చాడు. అతన్ని కాసేపు వరండాలో కూర్చోమని బోన్సు వంటగదిలోకి వచ్చి తలుపు చేరేశాడు. అఫ్రియె జొన్న గంజి కలుపుతోంది.

"ఓఫిన్సోకి బండి ఎప్పుడు?" అన్నాడు.

ఆమె పొయ్యి ఆపింది. "డ్రైవరు చెప్పాడా?"

"ఎవరు చెబితే ఏం. అట్టపెట్టెలు చూశాను. తలుపుల కొలతలు చూశాను. ఎవరున్నారు అక్కడ?"

ఆమె అతన్ని తేరిపార చూసింది. "మగాడనుకుంటున్నారా? నలభై ఆరేళ్ల మనిషిని. దగ్గరికొస్తే చేపల పొగ వాసన. వచ్చేవాడెవడో చెప్పండి, నేనూ చూస్తాను."

"వేళాకోళం వద్దు. వెళ్లిపోతున్నావా లేదా?"

"మీరుండగా ఎక్కడికీ వెళ్లను." గరిటె గిన్నెలో వదిలేసింది. "మీరు పోయాక వచ్చే సోమవారం కోసం ఆ బండి."

బోన్సుకి అర్థం కాలేదు. ఆమె గట్టు కట్టని గోడకి ఆనుకుని చెప్పింది. వాళ్లమ్మ ఓఫిన్సోలో రొట్టెలు కాల్చి అమ్మేది. అఫ్రియె తండ్రి ఇంటి పెరట్లో మట్టీ ఇటుకా కలిపి ఆమె చేత్తో కట్టుకున్న పొయ్యి, ఒక్క వాయికి అరవై రొట్టెలు. తండ్రి పోయాడు. శనివారం పూడ్చారు, ఆదివారం ప్రార్థన, సోమవారం లెక్కలకి కుటుంబం కూర్చుంది. మధ్యాహ్నానికి మేనత్త గదులకి వేయడానికి కొత్త తాళాలు తెచ్చింది. నీవి నువ్వు పట్టుకుపో అన్నారు, మర్యాదగానే అన్నారు. అమ్మ గిన్నెలు పట్టుకుపోయింది, పీటలు పట్టుకుపోయింది. పొయ్యిని ఎలా పట్టుకుపోతుంది? నేలకి అంటుకుని ఉన్నది ఇంటిదే అన్నారు. అమ్మ ఇంకెప్పుడూ రొట్టె కాల్చలేదు.

"చట్టం ఉంది కదా," అన్నాడు బోన్సు.

"ఉంది. అమ్మ కోర్టుకీ వెళ్లింది. మూడేళ్లకి కాగితం వచ్చింది. అప్పటికి పొయ్యి పగలగొట్టి అక్కడ కోళ్లగూడు కట్టారు."

"మా అక్క అలాంటిది కాదు."

"మీ అక్క మంచిదే, అద్వోవా నాన్నా. మా మేనత్త కూడా మంచిదే. నాకు జడలు వేసేది."

మేస్త్రీ వరండాలోంచి దగ్గాడు. బోన్సు బయటికి వెళ్లి, కొలతలు ఇంకోరోజు చూద్దామని పంపించేశాడు.

సోమవారం కొట్టు తీశాడు. పది గంటలకి చావింటి నల్లబట్టల్లో ముగ్గురు వచ్చారు, ఇద్దరు మగాళ్లూ ఒక పెద్దావిడా. ఇలాంటివాళ్లు ప్రతి సోమవారమూ వస్తారు. అతని వారంలో మంచి బేరం అదే. ఎన్ని తలుపులు అని అడగడం, ఐదు దాటితే ధర తగ్గించడం ముప్పై ఏళ్ల అలవాటు. ఇత్తడి తాళాలు, ఒక్కోదానికి మూడు చెవులు. పెద్దావిడ నాలుగు కావాలంది.

బోన్సు తాళాలు బల్ల మీద పెట్టాడు. చెయ్యి వాటి మీదే ఉంచాడు. "ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారమ్మా?" అని అడిగాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తాళం కొనేవాళ్లని అది అడిగే కొట్టు వాళ్లకి ఎక్కడా తగల్లేదు. ఇష్టం లేకపోతే చెప్పమని, పక్క వీధిలో ఇంకో కొట్టుందని పెద్దావిడ అంది. అక్కడికే వెళ్లారు. ఆ రోజు పోయిన బేరం గురించి బోన్సు విచారించలేదు. పెద్ద తాళం కొనేవాడికి చుట్టాల భయమని ఇన్నేళ్లూ నవ్వాడు. తను అమ్మిన తాళాల అవతలి వైపు నిలబడ్డవాళ్ల సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం తన మేనమామనీ, అక్కనీ ఇంటికి పిలిచాడు. మేనమామ కుటుంబంలో పెద్ద, మాట పోనివ్వని మనిషి. ఇద్దరు పొరుగువాళ్లని సాక్షులుగా కూర్చోబెట్టాడు. బతికి ఉన్న మనిషి తన కష్టంతో కట్టినది కుటుంబం ఎదుట ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. పుచ్చుకున్నవాళ్లు కృతజ్ఞతగా సారా ఇవ్వాలి, కుటుంబం దాన్ని తాగాలి. తాగితే ఇచ్చినట్టు. తాగకపోతే ఏమీ జరగనట్టే.

ఇల్లు అఫ్రియెకీ అద్వోవాకీ ఇస్తున్నానని బోన్సు నిలబడి చెప్పాడు. అఫ్రియె సీసా తెచ్చి మేనమామ ముందు పెట్టింది. ఆయన గ్లాసు ఎత్తి కొంచెం నేలకి పోసి, కొంచెం తాగి, కొనాడుకి అందించాడు.

కొనాడు అందుకోలేదు. "మరి నా కొడుక్కి?"

"కొట్టు వాడిదే. పదమూడో ఏటి నుంచి సెలవుల్లో వాడే కూర్చుంటున్నాడు, పని తెలుసు. సాక్షులున్నారు, అదీ ఇప్పుడే చెబుతున్నాను."

"కొట్టు అద్దెది. ఇల్లు ఇల్లే. ఈవిడ నిన్నేదో చేసింది తమ్ముడూ."

అఫ్రియె తల దించుకుని సీసా వైపే చూస్తోంది. బోన్సు అక్క పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"అక్కా, బావ పోయాక వచ్చిన సోమవారం నువ్వు మన ఇంటికొచ్చావు. ఏం తెచ్చుకున్నావు?"

"ఆ మాటలు ఇప్పుడెందుకు?"

"నేనే తలుపు తీశాను. చంకలో పిల్లాడు. ఇంకో చేతిలో ఏదో ఉంది. ఇన్నేళ్లూ అది కుండ అనుకుంటున్నాను."

కొనాడు తన ఖాళీ చేతుల వైపు చూసుకుంది. తర్వాత, "కుండ కాదు, మూత," అంది. "కుండ నేనే కొన్నాను. పెద్దది, ముప్పై మందికి వండేది. పొయ్యి మీద ఉంది, దించుకోనివ్వలేదు. చేతికందింది మూత." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పటికీ ఉంది నా గదిలో. దాని మీద బియ్యం ఏరుకుంటాను."

అఫ్రియె లేచి వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చుంది. "నాకెప్పుడూ చెప్పలేదు వదినా."

"నువ్వెప్పుడడిగావు? ఎప్పుడు చూసినా చేపలూ చేపలూ." కొనాడు మేనమామ చేతిలో గ్లాసు తీసుకుని, కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. "ఘాటుగా ఉంది. ఇంత చవకది కొన్నావేంటి?"

అఫ్రియె నవ్వబోయి ఏడ్చింది. కొనాడు ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

మర్నాడు అఫ్రియె ఒక్కతే దుకాణానికి వెళ్లి కాళ్లున్న పొయ్యిని మార్చుకుంది. అట్టపెట్టె ఉంది కాబట్టి దుకాణదారుడు పేచీ పెట్టకుండా తీసుకున్నాడు. గోడలో బిగించే ఒవెన్‌నే తెచ్చింది, రొట్టెలు పట్టే పెద్దది. రసీదు ఎవరి పేరు మీదని అడిగితే, ఎవరి పేరైనా రాసుకోమందిట. మేస్త్రీ గోడ తొలిచి దాన్ని పెట్టి చుట్టూ సిమెంటు పూశాడు. ఇక అది గోడ పగిలితే తప్ప కదలదు. మిగిలిన అట్టపెట్టెలు చేపల పొగగూడు కింద మంటకి పనికొచ్చాయి. ఆ నెలాఖరుకి ఓఫిన్సో నుంచి బండి వచ్చింది. దాంట్లో అఫ్రియె తల్లి వచ్చింది, పిండి పిసికే చెక్కతొట్టె ఒళ్లో పెట్టుకుని.

పని ముగిసేసరికి బోన్సు దగ్గర మిగిలినవి ఇవి: పేరు మీద ఇల్లు లేదు. సోమవారాల బేరం సగానికి పడిపోయింది. వంటగదిలో ఒకేసారి మాట్లాడే ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒకావిడ ఆదివారాలు తన కుండమూత తెచ్చుకుని దాని మీదే రొట్టెలు చల్లారబెడుతుంది. మంచం కింద చెప్పులకి చోటు దొరికింది.