నిమ్మళి ఉంగరం

నూకరత్నం నవ్వడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది.

భీమిలి తీరంలో ఎండుచేపల షెడ్డు అది. 2079 నాటికి ఇసుకలో చేపలు ఆరబెట్టే పద్ధతి పోయింది. అద్దాల కప్పు కింద యంత్రపు చేతులు నెత్తళ్లను తిరగేస్తుంటాయి. పాడైనవి ఏరడానికీ, అంతకంటే ఎక్కువగా కబుర్లకీ ఆడవాళ్లు కూర్చుంటారు. పోలమ్మ తన మొగుడి గురించి చెప్పిన మాటకు అందరూ పొట్టలు పట్టుకున్నారు. నూకరత్నం మొహం మాత్రం తుడిచిన పలకలా అయిపోయింది.

"అదిగో, కూతురు నొక్కీసింది. ఓలమ్మ, మా ఆయన ఊసు కూడా పొగేనేటే?" అంది పోలమ్మ.

అర నిమిషం గడిచాక నూకరత్నం కళ్లలోకి వెలుగు తిరిగొచ్చింది. "ఏ ఊసు?" అని అడిగింది. ఆమె చేతిలో చేపను తట్టలో వేసి లేచింది. ఏడాది వైద్యం ఇవాళ్టితో పూర్తి, కూతురి వేలికున్న ఉంగరం ఇప్పించుకునే రోజు.

కూతురు డాక్టర్ అవనిజ అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, మెదడు పరిశోధనాలయంలో పనిచేస్తుంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. అమ్మను పొగ నుంచి తప్పించాలనే ఆ చదువు చదివింది.

నూకరత్నం నలభై ఏళ్లు అడ్డపొగ తాగింది. అంటే చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ తీరంలో ఆడవాళ్లకది పాత అలవాటు. అలా పెట్టుకుంటే సముద్రపు గాలికి నిప్పు ఆరదు. అంగిట్లో పుండు లేచినా ఆమె మానలేకపోయింది.

మానలేకపోవడం మొండితనం కాదని అవనిజకు చదువు చెప్పింది. మెదడులోని నరకణాల మీద గ్రాహకాలనే చిన్న తలుపులుంటాయి. నికోటిన్ వచ్చి వాటిని తడుతుంది. ఏళ్ల తరబడి తడితే తలుపుల సంఖ్యే పెరుగుతుంది. పొగ అందని పూట అవన్నీ కలిసి అల్లరి చేస్తాయి. మరోపక్క, వద్దని చెప్పాల్సిన మెదడు బెరడు, అంటే కార్టెక్స్, పలచబడుతూ వస్తుంది. అడిగేవాళ్లు పెరుగుతారు, అదుపు చేసే పెద్ద నీరసిస్తాడు. లోపల ఇన్సులా అనే ముడత ఒకటుంది. ఒంట్లోని ఆరాటాన్ని 'ఇప్పుడే కావాలి' అన్న కోరికగా మార్చడంలో దానిది పెద్ద పాత్ర.

అవనిజ కనిపెట్టిన 'నిమ్మళి' పని ఆ ముడత మీదే. చెవి వెనక అతికించే బియ్యపుగింజంత పరికరం అది. మీట నొక్కితే అల్ట్రాసౌండ్ తరంగాలతో ఇన్సులాను అర నిమిషం నిద్రపుచ్చుతుంది; ఆ కాసేపూ కోరికతో పాటు నవ్వూ ఏడుపూ కూడా ఆగిపోతాయి. మొదట్లో మీటను రోగుల చేతికే ఇచ్చారు. ఒక్కరూ నొక్కలేదు. నొక్కాల్సిన క్షణంలో నొక్కబుద్ధి కాదు, అదే కదా జబ్బు! అందుకని మీటను ఉంగరంగా చేసి, ఇంట్లోవాళ్లలో ఒకరిని కావలిదారుగా పెట్టారు. రోగికి కోరిక లేస్తే ఉంగరం వెచ్చబడుతుంది. నొక్కితే, నిమ్మళించిందని చెప్పడానికి వేలికి చల్లగా తగులుతుంది.

అమ్మకు కావలిదారు అవనిజే.

ఆ ఉదయం ఆమె విశ్లేషిణిని ఏడాది నివేదిక అడిగింది. లెక్కలు చూసే యంత్రమది.

"రోగి గ్రాహకాలు మామూలు సంఖ్యకు వచ్చాయి. బెరడు మందం కొంత కోలుకుంది. ఏడు నెలలుగా పొగ కోరిక లేదు."

అవనిజకు కళ్లు చెమర్చాయి. "నిన్న ఎన్నిసార్లు నొక్కాను?"

"నూట నలభై."

"ఉంగరం ఎన్నిసార్లు వెచ్చబడింది?"

"ఒక్కసారి కూడా లేదు."

"నీ లెక్క తప్పు. అమ్మకు కోరిక లేకపోతే నేనెందుకు నొక్కుతాను? ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చి చూడు."

ఆరోగ్యవంతులుగా ఈ ప్రయోగంలో తీసుకున్నది కావలిదారులనే. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే గాలి. ఇంతకంటే మంచి పోలిక ఏముంటుందని అవనిజే వాదించి ఒప్పించింది. వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారా అని ఏడాదిగా ఎవరూ చూడలేదు.

"పోల్చాను," అంది విశ్లేషిణి. "రోగులు బాగుపడ్డారు. కావలిదారులు మారిపోయారు. రెండు వందల పన్నెండు మందిలోనూ, ఉంగరం చల్లబడిన ప్రతిసారీ మెదడులో హాయినిచ్చే ప్రతిఫల మార్గం వెలుగుతోంది. వద్దనే బెరడు పలచబడుతోంది. మీ చిత్రం చూపించమంటారా?"

తెర మీది చిత్రాన్ని ఆమె గుర్తుపట్టింది. ఏడాది కిందట చూసిన అమ్మ చిత్రానికి అది కవలలా ఉంది.

అంతలో నూకరత్నం షెడ్డు నుంచి లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏటే, అలగ బిగుసుకుపోయావు? నానేదో తప్పు సేసినట్టు సూత్తన్నావు."

"నీకు నయమైపోయిందమ్మా."

"మరింకేటి? ఆ ఉంగరం ఇలగిచ్చీ. నా నవ్వు నాను నవ్వుకుంటాను."

అవనిజ ఉంగరం పట్టుకుంది. వేలి నుంచి లాగలేదు. "రేపిస్తాను. ఇవాళ రిపోర్టు రాసుకోవాలి."

నూకరత్నం కూతురి మొహంలోకి పరీక్షగా చూసింది. "రేపా? రేపు మానేత్తానని మీ అయ్యకి నాను నలభై ఏళ్లు సెప్పిన మాటే గుంటా అది. నువ్వు నన్ను..."

మాట అక్కడే ఆగింది. తల్లి కళ్లు ఖాళీ అయ్యాయి. తన బొటనవేలు ఉంగరం మీద ఉందని అవనిజ అప్పుడు గమనించింది. వేలికి చల్లగా, హాయిగా ఉంది.

ఆ హాయికే ఆమె భయపడింది. "దీనికి చికిత్స ఏమిటి?" అని యంత్రాన్ని అడిగింది.

"నిమ్మళి," అంది విశ్లేషిణి. "ఇంటి మనిషి ఒకరు కావలిదారుగా ఉండాలి."

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. తేరుకున్న తల్లికి అవనిజ సంగతంతా చెప్పింది. నూకరత్నం కోప్పడలేదు. కూతురి వేలిని రెండు చేతులతో పట్టుకుని ఉంగరం ఊడదీసింది. "నాను ఊరికే నొక్కనే. నొక్కించుకున్న బాధ నాకు తెల్దేటి?" అంది.

నిమ్మళిని తల్లి చెవి వెనక నుంచి తీసి, శుభ్రం చేసి, కూతురి చెవి వెనక అతికించారు. పది నిమిషాలు అవనిజ ఖాళీ వేలిని రుద్దుకుంటూ కూర్చుంది. తర్వాత గదంతా తిరిగింది. ఆఖరికి తల్లి కాళ్ల దగ్గర కూలబడింది.

"అమ్మా, ఒక్కసారి ఇటివ్వు. పెట్టుకుని తీసేస్తాను. నీ మీద ఒట్టు!"

నూకరత్నం చేతిలో ఉంగరం వేడెక్కింది. బిడ్డ ఏడుపు చూడలేక నొక్కింది.

అవనిజ ఏడుపు ఆగింది, భుజాలు వాలాయి. తల్లి వేలికి చల్లదనం పాకింది. ఏ చుట్టలోనూ దొరకని నెమ్మది అది. తన చేత్తో బిడ్డకిచ్చిన నెమ్మది.

కొంతసేపటికి అవనిజ తేరుకుని, కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఇప్పుడు బాగుందమ్మా. ఇక ఉంగరం ఆ పెట్టెలో పెట్టెయ్యి. ఆరాటం వస్తే అప్పుడు చూద్దాం."

"ఉండవే. నీ మొకంలో ఇంకా ఏటో ఉంది. అమ్మను, నాకు తెల్దా?" అంది నూకరత్నం.

ఉంగరం వెచ్చబడలేదు. ఆమె నొక్కింది.