ఆఖరి ఆవిరి

శనివారం మధ్యాహ్నమైతే మా సరస్సు ఒడ్డున ప్రతి ఇంటి వెనకా పొగ లేస్తుంది. ఎవరి సౌనా, అదే ఆవిరిస్నానాల గది, ముందు వేడెక్కిందో ఆ పొగ చూసి చెప్పేస్తారు మావాళ్ళు. ఆ ఫిబ్రవరి శనివారం మా ఇంటి పొగే ముందు లేచింది. మా అక్క సైమా పుట్టినరోజని అమ్మ పొద్దున్నే పొయ్యి రాజేసింది. అక్క పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజు అది.

నేను వంటింట్లో కాఫీ తాగుతున్నాను. అమ్మ ఫ్రీజర్ మూత ఎత్తి, జింక మాంసం పొట్లాల అడుగునుంచి ఓ ప్లాస్టిక్ సంచి లాగింది. లోపల బర్చ్ కొమ్మల కట్ట. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, వాటి మీద మంచు గడ్డకట్టింది. పిడి దగ్గర ఎర్ర ఊలు దారం. జూన్‌లో, మంచం పట్టకముందు, అక్క తన చేత్తో కట్టిన చివరి కట్ట.

"ఇవాళ నువ్వు దీంతోనే కొట్టుకోవాలి ఆర్వో. అది నీకోసమే కట్టింది," అంది అమ్మ.

కప్పు బల్ల మీద పెట్టేశాను.

సౌనాలో ఆ కట్టను వేడినీళ్ళలో ముంచి ఒళ్ళంతా చరుచుకుంటే గానీ మావాళ్ళకి స్నానం చేసినట్టుండదు. నాకేమో చిన్నప్పటినుంచీ బర్చ్ పడదు. ఆకు తగిలితే దద్దుర్లు. వసంతంలో పుప్పొడి పీలిస్తే గొంతు పూడుకుపోయేది. పచ్చి యాపిల్ కొరికినా నోరంతా దురదే. రెండుసార్లు చావు తప్పి బయటపడ్డాను. ఎటు చూసినా బర్చ్ చెట్లే ఉన్న ఊళ్ళో పుట్టి బర్చ్ పడదంటే, చేప నాకు నీళ్ళు పడవన్నట్టే. ఊర్హో మామయ్య నన్ను పింగాణీ బాబు అని పిలిచేవాడు. నలుగురిలోనూ పిలిచేవాడు.

మూడేళ్ళ కిందట పెద్ద ఊరి ఆసుపత్రిలో నాలాంటి వాళ్ళ మీద ఓ ప్రయోగం మొదలుపెట్టారు. అలర్జీని గుర్తుపెట్టుకునే కణాలు ఎముకల మజ్జలో కాపురముంటాయట. మందులతో వాటిని ఖాళీ చేయించి, ఆ చోట అలర్జీ లేని తోబుట్టువు మూలకణాలు నాటితే, కొత్తగా పుట్టే రక్తానికి ఆ పాత పగ గుర్తుండదట. ఆశ ఉంది గానీ హామీ ఇవ్వలేమన్నారు. అక్కవి నాకు సరిపోయాయి. అది యాపిల్‌ని గింజలతో సహా నమిలేసి, కాడ ఒక్కటే బల్ల మీద పెట్టే మనిషి. తుంటి ఎముకలోంచి మజ్జ తీయించుకుని, కుంటుకుంటూ నా మంచం దగ్గరికొచ్చి, "ఇక నువ్వు సగం నేనేరా. ఇప్పటికైనా కాస్త బుద్ధిగా ఉండు," అంది.

అవి నాలో పట్టలేదు. కొన్ని నెలలకి పరీక్ష చేస్తే నా రక్తంలో అక్క కణం ఒక్కటి కూడా మిగల్లేదు. నా ఒళ్ళే వాటిని బతకనివ్వలేదు.

ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. అక్క రోజూ ఫోన్ చేసి, "దురద ఉందా?" అని అడిగేది. "లేదక్కా" అనేవాణ్ణి. మొదట దాని మనసు నొప్పించడం ఇష్టంలేక అన్నాను. తర్వాత సిగ్గుకొద్దీ అన్నాను. పండగలప్పుడు అందరి ముందూ గొప్పగా యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె తినేవాణ్ణి. ఉడికిన యాపిల్ నన్నేమీ చెయ్యదని వాళ్ళకి తెలీదు. పోయే ముందు రోజు కూడా అక్క పెదాలు తడుపుకుంటూ అదే అడిగింది. నేనూ అదే చెప్పాను. "పోన్లే, నాలో ఒక్కటైనా పనికొచ్చింది," అని నవ్వింది.

అప్పటినుంచి నేను ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మ నా మణికట్టు పట్టుకుని, నాడి మీద వేలుంచి, "సైమా, అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. నాతో కాదు, నా నాడితో. నా ఒంట్లో అక్క రక్తం ఉందన్నదొక్కటే అమ్మకి మిగిలిన ఓదార్పు. అది అబద్ధమని తెలిస్తే ఆవిడకి కూతురు రెండోసారి పోయినట్టే. నేను తలొంచుకుని, "తిన్నది" అంటాను. ఇలాంటి కొడుకుని ఏమనాలో మీరే చెప్పండి.

"నువ్వూ మామయ్యా ముందు వెళ్ళండి," అంది అమ్మ.

కట్టెలు కొట్టాలని తప్పించుకున్నాను. మామయ్య వెళ్ళొచ్చి, ఎర్రగా కాలిపోతున్న ఒంటితో మంచులో కూర్చున్నాడు. తర్వాత అమ్మ వెళ్ళింది. నేను ఇంకా కట్టెలు కొడుతూనే ఉన్నాను. వసంతం దాకా సరిపడా కొట్టాను.

ఒంటరిగా వెళ్తే చాలు, ఎలాగోలా నటించేయొచ్చని నా ఎత్తు. అందులో ఓ చిక్కుంది. అందరి స్నానాలూ అయ్యాక, చివర వెళ్ళినవాళ్ళు పొయ్యి పైన కాలుతున్న రాళ్ళ మీద ఓ గరిటె నీళ్ళు పోసి తలుపు మూసేస్తారు. ఆ ఆఖరి ఆవిరి పోయినవాళ్ళది. తరవాత ఎవరూ లోపలికి పోరు. అమ్మ బయటికొచ్చేసరికి చీకటి పడింది. నేను తువ్వాలు భుజాన వేసుకున్నాను.

"ఇప్పుడా? నువ్విక రావనుకుని ఆఖరి గరిటె పోసేశాను కదరా!"

"పోనీలే అక్కా," అన్నాడు మామయ్య. "లోపలుండేది వీడి అక్కే కదా. తోబుట్టువుల దగ్గర సిగ్గేమిటి?"

అమ్మ నవ్వలేదు. సంచి నా చేతికిచ్చి, "త్వరగా వచ్చెయ్," అంది.

బట్టలు విప్పుకునే గది చల్లగా ఉంది. సంచి ముడి విప్పకుండానే మేకుకి తగిలించాను. లాంతరు అక్కడే వదిలేసి, లోపలి తలుపు మూసుకుని, పై బల్ల ఎక్కాను. దేవదారు చెక్క వాసన, పొగ వాసన. పొయ్యి సందులోంచి కాస్త ఎర్రటి వెలుతురు. దానికి అవతల అంతా చీకటి. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది.

తువ్వాలు తడిపి, మడిచి, బల్ల మీద కొట్టాను. ఛట్. అచ్చం కట్టతో చరుచుకున్నట్టే వినిపించింది. ఛట్... ఛట్... మధ్యలో "అబ్బా" అని మూలిగాను కూడా. గోడ అవతలనుంచి మామయ్య అరిచాడు. "గట్టిగా కొట్టుకో పింగాణీ బాబూ! అంత మెల్లగా అయితే మీ అక్క ఒప్పుకోదు!"

నవ్వొచ్చింది. తువ్వాలు పక్కన పెట్టాను.

ఛట్.

నా చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

ఛట్... నా వెనక, బల్ల మూలనుంచి. ఎవరో తమ ఒంటినే చరుచుకుంటున్నట్టు, తీరిగ్గా. తర్వాత వాసన వచ్చింది. జూన్ నెల వాసన... వానకి తడిసిన పచ్చి ఆకు వాసన. నా ముక్కుకి ఆ వాసన శత్రువు. గొంతులో వెంటనే ముల్లు గుచ్చుకున్నట్టైంది.

లేవబోయాను. తడి ఆకులు మెత్తగా నా వీపుకి ఆనాయి... రెండు రెక్కల మధ్య... నా చెయ్యి ఏనాడూ అందని చోట.

"దురద ఉందా?"

గుసగుస. చెవి పక్కనే. ఆ వేడిలో ఆ ఊపిరి చల్లగా ఉంది.

"లే... లేదు," అన్నాను. అలవాటు కొద్దీ నోరు అదే అనేసింది.

ఛట్. వీపు మండింది. దద్దుర్లు లేస్తున్నాయి... నడుం దాకా, మెడ దాకా.

"దురద ఉందా?"

"లేదక్కా..."

ఛట్. కోపం లేదు ఆ దెబ్బలో. నా జలుబు తగ్గాలని చిన్నప్పుడు ఛాతీకి మందు రాసినంత ఓపికగా కొడుతోంది. గొంతు సన్నబడింది. గాలి ఈలలా వెళ్తోంది. తలుపు నాలుగడుగుల్లోనే ఉంది, పరిగెత్తలేకపోయాను. భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. ఒంటి మీద నూలుపోగు లేకుండా, దొంగ దెబ్బలు కొట్టిన తువ్వాలు పక్కన పెట్టుకుని, చచ్చిపోయిన అక్క ముందు మళ్ళీ అదే అబద్ధం ఆడుతున్నాను.

"దురద..."

"ఉంది!" అన్నాను. ఏడుపొచ్చేసింది. "ఉందక్కా. ఎప్పుడూ పోలేదు. నీవి నాలో పట్టలేదు. నీకు అబద్ధం చెప్పాను. అమ్మకీ చెప్పాను."

దెబ్బలు ఆగిపోయాయి.

నీటిబొట్టు కూడా పడలేదు. ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే రాళ్ళు ఒక్కసారి బుస్సుమన్నాయి.

"అయ్యో... అప్పుడే చెప్పొచ్చు కదరా," అంది మెల్లగా. "పట్టలేదా... మళ్ళీ ఇస్తాను."

నా మోచేతి మడతలో, ఆసుపత్రిలో సూది గుచ్చిన చోట, చల్లటి వేలు ఆనింది... ఆని, లోపలికి నొక్కింది.

తెలివొచ్చేసరికి నేను బయట మంచులో బోర్లా పడి ఉన్నాను. మామయ్య లాంతరు ఎత్తి పట్టుకున్నాడు. అమ్మ నా మీద దుప్పటి కప్పబోయి ఆగింది.

"వీపంతా ఆకుల అచ్చులేరా! బాగానే కొట్టుకున్నావు," అంది సంతోషంగా. "అవునూ, ఇంత మధ్యకి చెయ్యెలా అందింది?"

మామయ్య ఈసారి ఏ హాస్యమూ ఆడలేదు. అమ్మ నా వీపు మీంచి ఓ తడి ఆకు ఒలిచి, పెదాలకి ఆనించుకుంది. దద్దుర్లు ఒక్కటీ లేవు. ఊపిరి హాయిగా ఆడుతోంది.

బట్టల కోసం నేనే వెళ్ళాను. సంచి మేకుకే ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. లోపల మంచు కరగలేదు. ఎర్ర దారం కట్టిన పుల్లలు మాత్రమే ఉన్నాయి. ఆకు ఒక్కటి లేదు.

అమ్మకి మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు చెప్పలేకపోయాను. మార్చిలో ఏటా చేసే పరీక్షకి రక్తమిచ్చి వచ్చాను. వారం తర్వాత ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది.

"ఆర్వో గారూ, ఏమనుకోకండి. ఆ రోజు రక్తం ఇచ్చింది మీరేనా?"

"నేనే. ఏం?"

"ఇందులో మీరు లేరండీ. అంతా మీ అక్కగారిదే."

ఆ శనివారం కారెక్కి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాను, అంతా చెప్పేయాలనే వెళ్ళాను. అమ్మ యాలకుల రొట్టె కోసి, కాఫీ పోసి, నా ఎదురుగా కూర్చుంది. మణికట్టు మీద వేలుంచింది గానీ ఈసారి ఏమీ అడగలేదు. వింటున్నట్టు కూర్చుంది.

"అమ్మా, ఆ మూలకణాల సంగతి... నీకో నిజం చెప్పాలి."

"తర్వాత చెబుదువుగానీ," అంది అమ్మ. ఆవిడ చూపు బల్ల మీదే ఉంది. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

నేనూ చూశాను. నా కప్పు పక్కన యాపిల్ కాడ ఒకటి ఉంది. పండు లేదు, గింజల్లేవు. నోరంతా తియ్యగా ఉంది. ఎప్పుడు తీసుకున్నానో, ఎప్పుడు నమిలానో నాకు తెలీదు.

అమ్మ ఇంకో పండు నా వైపు తోసింది. వద్దనబోయాను.

చెయ్యి అప్పటికే అందుకుంది.