కవరు గుర్తు

"మెసేజ్‌కి జవాబివ్వడానికి చేతులు పడిపోయాయా మెకానిక్ గారూ?"

సరిగ్గా ఈ మాటే ఆమెను అడగాలని నాలుగు రోజులుగా లోపల ఉడికిపోతున్నాను. ఆమే ముందు అడిగేసింది.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఆమె, వాళ్లక్క కలిసి నలుగురు పనివాళ్లతో స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతారు. మిషన్లన్నీ ఒకేసారి తిరిగే ఆ గదిలో ఫోను మోగినా వినపడదు. అందుకే రెండేళ్లుగా మా మధ్య అంతా మెసేజ్‌లే. బెల్టు జారితే మెసేజ్, సూదులొస్తే మెసేజ్. ఇద్దరివీ బటన్ల ఫోన్లు కాబట్టి ఒక్కో అక్షరానికి రెండేసి, మూడేసి నొక్కులు. అంత కష్టపడి "వాన తగ్గింది, బయల్దేరాను" అని కూడా పంపుతున్నానంటే నా వ్యవహారం ముదిరిందని నాకు ఎప్పుడో తెలియాలి. తెలిసేసరికి రెండేళ్లు పట్టింది.

గురువారం ధైర్యం చేసి అసలు సంగతి పంపాను. జవాబు లేదు. శుక్రవారం మాత్రం "బెల్టు తెగింది, రండి" అని వచ్చింది. నేనడిగిందేమిటి, ఆమె చెప్పేదేమిటి! మాట దాటేసిందంటే కాదనే కదా. మనసు చివుక్కుమంది. "సోమవారం వస్తాను" అని ముక్తసరిగా పంపి ఊరుకున్నాను. ఈ ఒక్క బెల్టూ వేసేసి, ఇకపై ఈ షాపు పని, ఇదే రిపేర్లు చేసే మా బాబాయికి అప్పజెప్పాలని నిశ్చయించుకునే ఇవాళ వచ్చాను.

"సోమవారం వస్తానని పంపానుగా," అన్నాను తలెత్తకుండా.

"ఎవరికి పంపారు? నాకైతే రాలేదు."

"గురువారం పంపింది?"

"గురువారం కూడా ఏదో పంపారా?"

వాళ్లక్క కాజాలు కుట్టడం ఆపింది. "దీని ఫోన్లో కవరు బొమ్మ గురువారం నుంచి మిణుకుమిణుకుమంటోంది. ఎవరికైనా చూపించవే అంటే వింటేనా!"

ఫోను అందుకున్నాను. కవరు మిణుకుమంటోందంటే లోపల చోటు లేదని అర్థం. రెండు వందల మెసేజ్‌లు నిండిపోయాయి. కిందికి నొక్కుతూ పోయాను. "సూదులు వచ్చాయి." "ఆయిల్ వేయడం మరవకండి." "ఓకే." "వాన తగ్గింది, బయల్దేరాను." అన్నీ నావే. కస్టమర్లది ఒక్కటీ లేదు.

"వాళ్లవి నోట్‌బుక్‌లో రాసుకుని తీసేస్తాను," అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మరి నావి?"

"అవి రాసుకుంటే బాగుండవు."

ఫోను ఆమెవైపు తిప్పాను. "ఒక్కటైనా తీస్తేగానీ కొత్తది రాదు. ఈ 'ఓకే' తీసేయనా?"

"అమ్మో, వద్దు! నాకు జ్వరమొచ్చినప్పుడు మందులు తెచ్చిపెడతారా అంటే వచ్చింది అది."

"పోనీ, సూదులు?"

"అది మొట్టమొదటిది."

"వాటికి ఫ్రేములు కట్టించుకోండి ఇద్దరూ," అంది అక్క. "యూనిఫారాలు బుధవారానికి ఇవ్వాలి, గుర్తుందా?" మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

చివరికి ఆమే ఫోను లాక్కుని, వెతికి వెతికి ఒకటి తీసేసింది. "ఈ వారం రాలేను" అని నేనెప్పుడో పంపినది.

"దీన్ని ఆ రోజే తీసేయాల్సింది," అంది.

ఫోను టింగుమంది. ఆమె చదువుతుంటే నేను బెల్టు కొలత చూస్తున్నట్టు నటించాను. అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. "మన పెళ్లి గురించి మీ అక్కగారితో మాట్లాడటానికి ఆదివారం రానా? జవాబు రాకపోతే కాదనుకుని మళ్లీ ఈ మాట ఎత్తను."

రెండుసార్లు చదివింది. కళ్లు నిండాయి.

"ఆదివారం నిన్ననే అయిపోయింది కదండీ. రోజంతా ఇంట్లోనే ఉన్నాను."

"నేనూ అంతే. మీరు కాదన్నారనుకుని..." తరువాతి మాట మిషన్ల మోతలో నాకే వినపడలేదు.

ఆమె తల వంచుకుని బటన్లు నొక్కడం మొదలుపెట్టింది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి ఇంత కష్టపడి రాయడమెందుకని అడగబోయి మానేశాను. నా జేబులో ఫోను వణికింది.

"వచ్చే ఆదివారం రండి. జవాబు నోటితో చెప్పండి, ఫోన్లో చోటు లేదు."

ఆ మోతలో వినపడాలని గొంతెత్తి అరిచాను. "వస్తాను!"

సరిగ్గా అప్పుడే అక్క మిషన్ ఆపింది. మిగతావాళ్లూ ఆపేశారు.

"ఎక్కడికి?" అంది అక్క.

"మీ ఇంటికి అక్కగారూ. ఆదివారం."

అక్క చెల్లెలి ముఖం చూసింది, ఆమె చేతిలోని ఫోను చూసింది. దారం కొరికి తెంపింది.

"రండి. బుధవారానికి యూనిఫారాలు అయిపోతాయి. ఆదివారం ఖాళీయే."