మొలలోతు నీళ్ళలో

ఆ ఎండాకాలం మా బావకి ఒకటే పంతం. ఒడ్డు పక్కనే, మొలలోతు నీళ్ళలో ఒక్క పండుగప్ప చేపనైనా పట్టి అక్క ముందు పడెయ్యాలని. మేం రోజూ ఖాళీ బుట్టతో రావడం, అక్క గుమ్మంలోనే నిలబడి, “సముద్రంలో చేపలన్నీ మిమ్మల్ని చూసి ఊరు ఖాళీ చేశాయా?” అనడం. బావకి ఒళ్ళు మండిపోయేది.

ఆ వేళా అంతే. మధ్యాహ్నం దాటింది. గాలి లేదు. మేం కూర్చున్న పడవ చెక్కలు కాలుతున్నాయి. నీళ్ళు కూడా పొయ్యి మీంచి దించినట్టే ఉన్నాయి. కుళ్ళిన నాచు వాసన. గాలానికి రొయ్య గుచ్చి వెయ్యడం, దారం చిన్నగా కదలడం, తీస్తే ఒట్టి ముల్లు. మళ్ళీ రొయ్య. మళ్ళీ ఒట్టి ముల్లు.

“నీకు ఎర గుచ్చడం రాదురా,” అన్నాడు బావ.

“నువ్వు గుచ్చినవి ఏం ఉద్ధరించాయి బావా?”

ఆఖరి రొయ్య వేశాక గాలం కింద ఎక్కడో చిక్కుకుంది. ఎటు లాగినా రాదు. “దీని దుంప తెగ!” అంటూ బావ పడవ అంచు మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి నీళ్ళలో పెట్టాడు. కాసేపు తడిమాడు. తర్వాత కదలడం మానేశాడు.

“ఏమైంది బావా?”

“ఇక్కడ నీళ్ళు... చల్లగా ఉన్నాయిరా.”

“చెయ్యి తియ్.”

“రావట్లేదు.” కింద ఎవరికో వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. “ఎవరో పట్టుకున్నారు... మెల్లగా... నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నారు...”

అతని నడుం పట్టుకుని లాగాను. పడవ ఒరిగింది. నీళ్ళు లోపలికొచ్చాయి. మళ్ళీ లాగాను. ఉన్నట్టుండి అవతల వదిలేశారు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

దారం తెగిపోయింది. బావ పిడికిలి బిగుసుకుపోయింది. తెడ్డు ఎలా వేశానో నాకే తెలీదు.

ఇంటికొచ్చాక అక్క, నేను వేడినీళ్ళు పోసి ఆ పిడికిలి విప్పాం. అరచేతి మధ్యలో సన్నటి రంధ్రం. నెత్తురు లేదు. నొప్పి కూడా లేదన్నాడు. మంచం మీద వాలగానే నిద్రపోయాడు.

కాసేపటికి ఆ చెయ్యి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

“కలేమోరా,” అంది అక్క గుసగుసగా.

అతన్ని రెండోవైపుకి తిప్పి పడుకోబెట్టాం. చెయ్యి మెల్లగా మంచం దాటింది. గాల్లోకి లేచింది. సముద్రం ఉన్న వైపుకి నిటారుగా చాచుకుంది. బావ గురక పెడుతూనే ఉన్నాడు.

చిన్న కుదుపు... మంచం అటుకేసి జానెడు జరిగింది.