పూలమ్మ నాయినా

ఎనభై మూడో సంవత్సరం ఎండకాలం. యాసంగి వరి కోతకొచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో కాలువ నీళ్లు బంద్ చేస్తారని కాలువ కాసే లష్కర్ వెంకట్రాజం కబురు పెట్టాడు. ఆ మాట చెవిన పడంగనే మొగిలమ్మ మూట కట్టింది.

మూటలో కాసిన్ని తీపి గరిజెలు, ఉయ్యాల కోసం కొని బిడ్డకు చూపించడానికి తీసుకున్న కాశిబుగ్గ నేత చీర. బిడ్డ పూలమ్మకు తొమ్మిదో నెల పడింది. ముందటేడు ఎడ్లబండి మీద పుట్టింటికి తెస్తుంటే, రాళ్లబాట కుదుపులకు తొలిచూలు దారిలోనే పోయింది. ఈసారి బండి వద్దు, నీళ్ల మీదనే తెద్దామని మొగిలమ్మ పట్టుబట్టింది. మొగడు కట్టయ్య చెరువులో చేపలు పట్టేవాడు. నావ ఉండనే ఉంది.

పొద్దుగాల్నే కింది చెరువు దాటి కాలువలో పడ్డారు. గట్ల మీద తుమ్మచెట్లు, నీళ్లు తాగే గొర్లు. కట్టయ్య గడ వేస్తూ కూనిరాగం తీస్తున్నాడు. లాకు దగ్గర వెంకట్రాజం షట్టర్ ఎత్తి, నావ దాటేదాకా గట్టు మీదనే నిలబడ్డాడు.

"కట్టన్నా, సొరంగం దాటేటప్పుడు జర పైలం. లోపల ఎవ్వల పేరూ తియ్యకుండ్రి."

"గా ముచ్చట నాకు చెప్తానవా తమ్మీ? మా తాతల కాన్నుంచి నోరు మూసుకొనే దాటుతానం." కట్టయ్య నవ్వి పెండ్లాం వైపు చూశాడు. "ఇగ మీ అక్కంటవా, దాని ఫికరే లేదు. పెండ్లయినకాన్నుంచి ఒక్కనాడన్న నా పేరు తీసిందా అది?"

"సిగ్గులేదు, నడువు," అని మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుట్ట కింద సొరంగం. అవతల మీది చెరువు, దాని ఒడ్డునే బిడ్డ ఊరు. మిట్టమధ్యాహ్నం నావ సొరంగంలోకి పోయింది.

కాసేపు వెనక వెలుగు ఉంది. తర్వాత అదీ లేదు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల బావిలో దిగినంత చలి. పైనుంచి చుక్క చుక్కగా నీళ్లు. గబ్బిలాల రెట్ట వాసన. నాచు వాసన. మరికొంత లోపలికి పోయాక ఇంకో వాసన... మొగిలమ్మకు బాగా తెలిసిన వాసన. పసుపు, వాము పొగ. పురుడైన ఇంట్లో వచ్చే వాసన.

ఇక్కడ కుంపటి ఎవరు పెట్టారు?

అడుగుదామనుకుంది. నోరు మూసుకుంది.

గడ చప్పుడు ఆగింది. నావ ఆగింది. ముందు వైపు నీళ్లలో ఏదో పడ్డట్టు బుడుంగుమంది... మళ్లీ ఏమీ లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. ఆమె చెయ్యి చాపి చీకట్లో తడిమింది. చెక్క తగిలింది. మనిషి తగల్లేదు.

ఏ పెండ్లామైనా పిలిచినట్టే పిలిచింది.

"పూలమ్మ నాయినా!"

గోడలు ఆ మాటను ముందుకు మోసుకుపోయాయి.

ముందు నుంచి జవాబు లేదు.

వెనక నుంచి వచ్చింది. చెవి పక్కనే. మెత్తగా.

"ఆఁ... అమ్మా."

మొగిలమ్మ కదల్లేదు. తడి చెయ్యి ఒకటి ఆమె నోరు మూసింది. కేక పెట్టబోయి, ఆ వేలి మీది వల కోసిన మచ్చ పెదవులకు తగిలితే గుర్తుపట్టి ఆగింది. కట్టయ్య చెయ్యి. బురదలో ఇరుక్కున్న గడ కోసం నీళ్లలోకి వంగి ఉన్నాడట, పిలుపు విని కూడా పలకలేదట. ఆ సంగతి వెలుగులోకి వచ్చాకే చెప్పాడు. చెప్పేటప్పుడు అతని పెదవులు తెల్లగా ఉన్నాయి.

"పేరు తీస్తివి గదనే."

"నీ పేరు తియ్యలే..."

"బిడ్డ పేరు తీస్తివి."

మీది చెరువు దాటినంతసేపూ కట్టయ్య ఆపకుండా గడ వేశాడు.

ఒడ్డు మీద పూలమ్మ నిలబడి ఉంది. నిండు కడుపు, నవ్వు మొహం. మొగిలమ్మ నీళ్లలోనే దిగి ఉరికి, బిడ్డ మొహం, చేతులు, పొట్ట తడిమి తడిమి చూసుకుంది. అన్నీ సక్కగనే ఉన్నాయి.

"గింత ఆగమెందుకు వదినా? నీ బిడ్డను మేమేం తినలే," అని వియ్యపురాలు సమ్మమ్మ ఎత్తిపొడిచింది. "పగటీలి పండుకున్న పిల్ల దిగ్గున లేచింది. అమ్మ పిలుస్తాందని వాకిట్లకు ఉరికింది."

మొగిలమ్మ బిడ్డ రెండు చేతులూ పట్టుకుంది. "పలికినవా బిడ్డా?"

"లేదే అమ్మా." పూలమ్మ కాస్త ఆలోచించింది. "నేను నోరు తెరిచేటాల్లకే ఇంకెవలో పలికిండ్రు."

బిడ్డను ఆ సొరంగంలోకి ఎట్లా తీసుకుపోవడం? బండి అంటే ముందటేడు గుర్తొచ్చింది. అయినా మొగిలమ్మ బండినే కట్టించింది. మోకాలెత్తు గడ్డి, దాని మీద బొంతలు వేయించి, ఎడ్ల ముందు తానే నడిచింది. దారిలో కనపడ్డ రాయినల్లా ఎత్తి పక్కకు వేసింది. ఇల్లు చేరేసరికి ఆమె అరికాళ్లు పగిలాయి గానీ, బిడ్డ కడుపు నిలిచింది.

నీళ్లు బంద్ కాకముందే కట్టయ్య పోయి నావను ఒక్కడే తెచ్చుకున్నాడు. దాన్ని పెరట్లో బోర్లించి, తారు పూయకుండానే వచ్చి గడపలో కూలబడ్డాడు.

"ఏమన్న ఇనపడ్డదా?" మొగిలమ్మ గుసగుసగా అడిగింది.

"లేదు. నేనూ నోరు తెరువలే." పెరటి దిక్కు చూసి మళ్లీ అన్నాడు. "ఉత్త నావనే గదా... వచ్చినంతసేపూ వెనక దిక్కు కుంగే ఉండె."

పూలమ్మకు సుఖంగానే ఆడపిల్ల పుట్టింది. దవాఖానకు పోయే పని కూడా పడలేదు. మొగిలమ్మ కూతుర్ని "బిడ్డా" అని తప్ప పేరు పెట్టి పిలవడం మానేసింది. ఇంట్లో వాళ్లందరితోనూ మాన్పించింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

పురుడు కడిగిన నాడు. పూలమ్మ పొయ్యి దగ్గర అన్నం తింటోంది. కాశిబుగ్గ చీర ఉయ్యాలలో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. మొగిలమ్మ లేవబోతుండగా వాకిట్లో పక్కింటి యాకమ్మ కేకేసింది.

"ఓ పూలమ్మా! పిల్ల గంతగనం ఏడుస్తాంటే ఏం చేస్తానవే?"

పూలమ్మ నోటినిండా అన్నం ఉంది. తల మాత్రం ఎత్తింది.

జవాబు పెరట్లో నుంచి వచ్చింది. బోర్లించిన నావ కింది నుంచి.

"ఆఁ... వస్తాన్న."

పసిపిల్ల ఏడుపు టక్కున ఆగింది. పొయ్యి దగ్గరున్న తల్లి వైపు తిరగలేదు. పెరటి తలుపు వైపు మెల్లగా తల తిప్పి, పాల కోసం నోరు తెరిచింది.