నిబ్బరపు గూడు

లంబసింగి కొండ మీద పిట్ట కూత వినాలంటే ఆ రోజుల్లో ఎవరిదో ఒకరి వసారాలోకి తొంగి చూడాల్సిందే. మైదానాల్లో ఎండలు ముదిరి, ఊళ్ళకు ఊళ్ళు కొండెక్కేసి అప్పటికి ఒక తరం గడిచింది. మనుషులైతే ఎక్కారు గాని పిచ్చుకలు ఎక్కలేదు. ఆ లోటు తీర్చుకోడానికే కాబోలు, ప్రతి ఇంటి వసారాకీ ఇనుపవల, ఆ వల నిండా లవ్‌బర్డ్స్. తెల్లారేసరికి కొండంతా ఒక్కసారిగా కిచకిచమనేది.

మనుషుల పేర్లు కూడా తిరగబడ్డాయి. హన్విత, రిత్విక్ లాంటివి నడివయసు వాళ్ళ పేర్లయిపోయాయి. పడుచువాళ్ళంతా నూకరత్నాలు, పైడితల్లులు, సన్యాసిరావులు.

హన్విత వసారాలో ఆరు జంటలుండేవి. అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం దొండపండు. పచ్చటి ఒళ్ళు, దొండపండు రంగు మొహం. పుట్టిన వారానికే తల్లి వదిలేస్తే, కూతురు పైడితల్లి గోరువెచ్చటి కొర్రల జావ గొట్టంతో పట్టి దాన్ని బతికించింది. పైడితల్లి ఉద్యోగానికి సముద్రం మీదికి వెళ్ళిపోయాక ఆ పిట్ట హన్విత భుజం ఎక్కింది. కొబ్బరాకు ముక్క ఇస్తే చాలు, ముక్కుతో సన్నగా చీల్చి, ఆ పీలికలు తోక మీది ఈకల్లో దోపుకుని, పెళ్ళిపీటల మీదికి పోతున్నట్టు గూట్లోకి నడిచేది.

గుడ్లు మాత్రం నిలిచేవి కావు. సరుకుల డ్రోన్లు వసారాల మీదుగా పోయేటప్పుడు వాటి నీడ అచ్చం గద్ద నీడలా జారేది. పిట్టలు బెదిరి వలకు కొట్టుకునేవి. దొండపండు అదాటున లేవడంతో మొదటి కాన్పు గుడ్లు చితికిపోయాయి. రెండో కాన్పులో దాని జోడు మగపిట్ట వలకు గుద్దుకుని మెడ విరిగి చచ్చిపోయింది. హన్విత దాన్ని గుడ్డలో చుట్టి సంపెంగ మొక్క కింద పూడ్చింది. ఆ తర్వాత నుంచి ఆకాశంలో ఏ చిన్న చప్పుడైనా పిట్టల కంటే ముందు ఆమే ఉలిక్కిపడేది.

"నువ్వు పిట్టల్ని పెంచుతున్నావో, భయాన్ని పెంచుతున్నావో తెలీటం లేదు," అనేవాడు భర్త రిత్విక్. కొండ మీదికి మనుషుల్ని మోసే తీగబండి స్టేషన్‌లో పనిచేస్తాడతను. తీగ తెగుతుందేమోనని ఆ బండి ఎక్కని మనిషి కొండ మొత్తం మీద తన పెళ్ళామొక్కతే.

అసలు భయం పిట్టల గురించి కాదని అతనికీ తెలుసు. పైడితల్లిది సముద్రం నడుమ పాతిన గాలిమరల స్తంభాల మీద మరమ్మతు పని. నడుముకి రెండు కొక్కేలు తగిలించుకుని తాటిచెట్టుకు పదింతల ఎత్తు ఎక్కాలి. రోజూ అది ఎక్కబోయే ముందు హన్విత ఫోన్ చేసేది. అడిగేది ఒకటే మాట.

"తాడు చూసుకున్నావా?"

"చూసుకున్నానమ్మా."

"రెండు కొక్కేలూనా?"

"రెండూను. నువ్వడిగితే గాని మా ఇంజనీరు కూడా పైకి పంపడు. ఇక్కడందరికీ నువ్వో వేళాకోళం అయిపోయావు, తెలుసా?"

వేళాకోళం అయినా పరవాలేదు, వేలాడకుండా ఉంటే చాలని హన్విత ఫోన్ పెట్టేసేది. సాయంత్రం కూతురు దిగినట్టు కబురు తెలిసేదాకా ముద్ద దిగేది కాదు.

మూడోసారి దొండపండుకి కొత్త జోడు కట్టింది. అది గుడ్లు పెట్టే వేళకి జీవశాస్త్ర పరిశోధనశాల నుంచి నూకరత్నం అనే అమ్మాయి వచ్చింది. డాక్టరేట్ చేసిన పిల్ల, మొహంలో మాత్రం ఇంకా కాలేజీ కళ పోలేదు. చేతిలో ఒక చెక్క గూడు. చూడ్డానికి మామూలు గూడే గాని పైకప్పులో పలకలాంటిదేదో బిగించి ఉంది.

"దీని పేరు నిబ్బరపు గూడు, పిన్నిగారూ. మెదడులో భయం పుట్టే చోటొకటుంటుంది. మనుషుల్లో దాన్ని అమిగ్డాలా అంటారు, మేం భీతికేంద్రం అంటున్నాం. ఈ పలక చాలా సన్నటి తరంగాలు పంపిస్తుంది. అవి తగిలితే అక్కడి కణాలు నిదరోతాయి. పిట్ట నిదరోదు, దాని భయం ఒక్కటే నిదరోతుంది."

"మనుషులకేమైనా అవుతుందా తల్లీ? కేన్సరూ అదీ?"

"ఏమీ కాదు. పుర్రె మందం కదా. పక్కన కాసేపు నిలబడ్డా తరంగాలు లోపలికి పోవు."

కాసేపు అన్న మాట నూకరత్నం మామూలుగా అనేసింది. హన్విత గూటి ముందు పొద్దస్తమానం పీట వేసుకుని కూర్చునే మనిషని ఆ పిల్లకు తెలీదు.

గూడు వసారా కరెంటు మీద పనిచేసేది. మాట్లాడేది కూడా. ఆడగొంతు, కాస్త ముసలి గొంతు. పిట్టలకు ఆ గొంతు నచ్చుతుందట.

మొదటి రోజే ఫలితం కనిపించింది. డ్రోన్ నీడ వల మీదుగా జారింది. ఒక్క పిట్టయినా కదల్లేదు. దొండపండు ఒంటికన్నుతో పైకి చూసి, మళ్ళీ గుడ్ల మీద ఒదిగింది. హన్విత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వారం తిరిగాక దీపం వెలుగులో పట్టి చూస్తే నాలుగు గుడ్లలోనూ ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. నాలుగూ బతికున్న గుడ్లే.

తర్వాతి రోజుల్లో వసారా మహా ప్రశాంతంగా ఉండేది. దొండపండు గూట్లోంచి బయటికొచ్చి నీళ్ళపళ్ళెంలో జలకాలాడేది. పీలికలు చీల్చి ఆడుకునేది. మగపిట్టతో ముక్కూ ముక్కూ రాసుకునేది. ఇదివరకైతే మేతకొచ్చినా రెండు గింజలు కొరికి ఒక్క పరుగున గూట్లోకి పోయేది. ఇప్పుడు ఆ పరుగు లేదు. హన్విత అది గమనించింది. గమనించి, పీట మీద కూర్చుని పెసలు ఏరుకుంది. సంగతి తెలుస్తూనే ఉంది గాని లోపల ఏదీ కదల్లేదు.

ఒక పొద్దున రిత్విక్ డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగాడు. "ఏటి, ఇవాళ పైడికి ఫోన్ చెయ్యలేదు?"

"చేస్తాలే. అదేమైనా చిన్నపిల్లా?"

రిత్విక్ ఆమె మొహం వింతగా చూసి, ఇన్నాళ్ళకు బాగుపడిందని సంతోషించి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల పైడితల్లి.

"అమ్మా... పొద్దున నువ్వడగలేదు. నేనూ చూసుకోలేదు. ఒక్క కొక్కెమే తగిలించుకుని ఎక్కేశాను. పైన కాలు జారింది. ఆ ఒక్కటీ ఆపింది గనక సరిపోయింది."

"అలాగా," అంది హన్విత. "దెబ్బేమైనా తగిలిందా?"

"మోచెయ్యి గీసుకుంది."

"పసుపు పెట్టుకో, తగ్గిపోతుంది."

అమ్మ ఏడుస్తుంది, తిడుతుంది, ఉద్యోగం మానెయ్యమంటుంది అనుకున్న పిల్ల అది. "నీకు ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అంది.

"నాకేం, హాయిగా ఉన్నాను."

కొబ్బరాకు అయిపోయిందని హన్విత లేచి, వాకిలి గేటు దాటి వీధి చివరి చెట్టు దాకా నడిచింది. ఆకు మీద చెయ్యి వెయ్యబోతుంటే భయం ఒక్కసారిగా మీద పడింది. అక్కడే కూలబడింది. ఒక్క కొక్కెం. కింద సముద్రం. తన పిల్ల గాల్లో వేలాడుతోంది. దానికి తను చెప్పింది పసుపు పెట్టుకోమని!

ఆ వెనకే రెండోది గుర్తొచ్చింది. దొండపండు పొద్దుట్నుంచీ గుడ్ల మీద లేదు.

లేచి పరుగెత్తింది. గేటు దాటి లోపలికి నాలుగడుగులు వేసేసరికి గుండెదడ తగ్గింది. ఇంకో రెండడుగులకి ఎందుకు పరుగెడుతున్నానా అనిపించింది. చీరకొంగుతో చెమట తుడుచుకుని వెనక్కి తిరిగింది. కొబ్బరాకు మరిచిపోయినట్టు గుర్తొచ్చింది మరి. గేటు దాటి బయటికి రాగానే భయం మళ్ళీ మీద పడింది. రోజుల తరబడి గూటి ముందు కూర్చుంటే ఆ తరంగాలు తన పుర్రెలోకీ దిగాయని అప్పుడు గాని ఆమెకు బోధపడలేదు.

గేటు బయటే నిలబడి అరిచింది. "ఏయ్ గూడూ! ఆగిపో! ఆపేయ్!"

"మీ గొంతులో భయం వినిపిస్తోందమ్మా," అంది గూడు. "లోపలికి రండి. తగ్గిపోతుంది."

"నాకు తగ్గక్కర్లేదు. ఆపమంటున్నాను!"

"భయపడుతూ ఇచ్చిన ఆజ్ఞలు నేను తీసుకోకూడదు. నిబ్బరంగా ఉన్నప్పుడు చెప్పండి, వెంటనే ఆగిపోతాను."

"నిబ్బరంగా ఉంటే నేను ఆపమని అడగనే అడగను కదే!"

గూడు ఒక్క క్షణం ఆలోచించింది. "నిజమేనమ్మా. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

హన్విత దానితో వాదన పెట్టుకోలేదు. కరెంటు మీటరు పెట్టె గేటు పక్క గోడకి బయటి వైపే ఉంది. షాకు కొడుతుందని ఏనాడూ దాని జోలికి పోని మనిషి. ఇప్పుడు మూత తీసి, కళ్ళు గట్టిగా మూసుకుని, పెద్ద మీట కిందికి లాగేసింది.

వసారా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి ఎక్కడో డ్రోన్ మోత. నీడ వల మీదికి రాగానే పిట్టలన్నీ ఒక్కసారిగా కెవ్వుమన్నాయి. ఆ గోల హన్వితకు పాతచుట్టం ఇంటికొచ్చినట్టు వినిపించింది. లోపలికి వెళ్ళేసరికి నీళ్ళపళ్ళెం బోర్లా పడి ఉంది. దొండపండు బయటెక్కడా లేదు. గూట్లోకి చూస్తే రెక్కలు చాపి, రొమ్ము కింద గుడ్లు నొక్కిపట్టి, ఆమెను కూడా కరవడానికి నోరు తెరిచింది.

సాయంత్రం కబురందుకుని నూకరత్నం వచ్చింది. గుడ్లు ఒక్కొక్కటీ దీపానికి పట్టి చూసింది. మూడింటిలో నరాలు నల్లబడిపోయాయి. నాలుగో దాంట్లో సన్నటి ఎర్రదారం ఒకటి ఇంకా మిణుకుమంటోంది.

"తప్పు మాదే పిన్నిగారూ. గుడ్లు లేని జంటల మీద పరీక్ష చేశాం. అవి హాయిగా ఉన్నాయి గదా, గుడ్లున్నవీ అలాగే ఉంటాయనుకున్నాం. తల్లిపిట్టని గూట్లోకి పరుగెత్తించేదే ఆ బెదురని మాకు తట్టలేదు."

"ఈ గూళ్ళు పెట్టిన మిగతా ఇళ్ళల్లో ఎవరూ చెప్పలేదా తల్లీ? వాళ్ళ గుడ్లూ చల్లారిపోయుంటాయి కదా?"

నూకరత్నం తల వంచుకుంది. "చల్లారిపోయాయనే చెప్పారు. గూడు తిరిగిచ్చెయ్యండంటే మాత్రం ఇవ్వటం లేదు. కొత్తగా కావాలని అడిగేవాళ్ళు రోజురోజుకీ ఎక్కువైపోతున్నారు. వాళ్ళల్లో సగం మంది ఇళ్ళల్లో అసలు పిట్టలే లేవు."

మిగిలిన గుడ్డుతో దొండపండుని పాత గూట్లోకి మార్చి, హన్విత ఆ గూడు విప్పి చేతుల్లోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది. అదే వేళకి వంటింట్లో బ్యాటరీ రేడియో సముద్రం మీద గాలి వేగం పెరుగుతోందని, స్తంభాల మీది మరమ్మతు బృందాలు రేపు కూడా పనిలోనే ఉంటాయని చెప్పింది. ఆమె వేళ్ళు గూటి చుట్టూ బిగుసుకున్నాయి.

"ఒక్క రేపటిదాకా ఉంచుకుంటారా?" అంది నూకరత్నం మెల్లగా. ఇలాంటి వేళ్ళు ఆ వారంలో ఆమె చాలా ఇళ్ళల్లో చూసింది.

వసారాలోంచి దొండపండు గట్టిగా అరిచింది. దేన్ని చూసి బెదిరిందో మరి. హన్విత గూటిని నూకరత్నం చేతుల్లో పెట్టేసి, తన మనసు మారకముందే గేటు దాకా సాగనంపింది.

రాత్రంతా నిద్రలేదు. గాలికి ఊడిన ప్రతి రేకూ, విరిగిన ప్రతి స్తంభమూ కళ్ళ ముందు పడుతూనే ఉంది. తెల్లారీ తెల్లారకముందే ఫోన్ చేసింది. మోగీ మోగగానే పైడితల్లి ఎత్తింది. అవతల గాలి హోరు.

"తాడు చూసుకున్నావా?"

అవతల ఒక పెద్ద నిట్టూర్పు, దాని వెనకే చిన్న నవ్వు.

"ఇంకా లేదు. నువ్వడుగుతావని కిందే కూర్చున్నాను."

"రెండు కొక్కేలూ చూసుకో."

"చూసుకుంటున్నానమ్మా. నువ్వు లైన్‌లోనే ఉండు."