బెల్టు పెట్టని బండి కదలదు

"నా బిడ్డ ఈ బండి ఎక్కది! నేను ఎక్కనియ్య!"

సుకన్య గొంతుకు అంత బలం ఉందని రంగశాయిపేటలోని ఆ గల్లీకి ఆ పొద్దునే తెలిసింది. పదేళ్లుగా ఇంటి ముందరి గదిలో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్న మనిషి ఆమె. జాకెట్టు గుడ్డ కొలిచి ఇన్ని మీటర్లని చెప్పడమే తప్ప అత్తింట్లో ఒక్కనాడూ మాట పెంచి ఎరగదు. అలాంటిది ఇవాళ, కారు ముందు సీట్లో నానమ్మ ఒళ్లో కూర్చున్న ఐదేళ్ల నవ్యను చంకనేసుకుని దించేసింది! దించి, గేటుకు అడ్డంగా నిలబడింది!

"ఏందే ఇది? శుభమాని పోతాంటె ఈ లొల్లేంది?" అంటూ అత్త మొగిలమ్మ కూడా కారు దిగింది. రఘునాథపల్లిలో ఆమె తమ్ముడు సదానందం ఇంట్లో మనుమరాలికి ఇరవై ఒకటో రోజు. పదకొండు గంటలకు పసిదాన్ని తొట్టెల్లో వేయాలి. పెద్దక్క చేతుల మీదుగానే వేయించాలని సదానందం తెల్లారి బస్సెక్కి వచ్చి మరీ పిలుచుకుపోతున్నాడు. అప్పటికే ఎనిమిది దాటింది.

"నేను గూడ శుభమానే అంటాన్న అత్తమ్మా... మీరు వెనక సీట్ల కూసోండ్రి, బెల్టు పెట్టుకోండ్రి. నవ్య దాని కుర్చీల అది కూసుంటది. గట్లయితే ఇప్పుడే పోదాం."

"మళ్ల అదే పాటనా?" భర్త భానుచందర్ పళ్ల బిగువున అన్నాడు. "జర ఊకో సుకన్యా. మామయ్య ముంగట ఇజ్జత్ తీయకు."

"ఇజ్జత్ పోతే మళ్ల వత్తది. పిల్ల పోతే వత్తదా?"

నవ్య నోరు తెరిచి తల్లిని చూసింది. పై వరసలో ముందు పన్ను ఉండాల్సిన చోట సందు కనబడింది.

పదిహేను రోజుల కిందటి మాట అది. ధర్మసాగర్ నుంచి వస్తుంటే రోడ్డు మీదికి మేక అడ్డమొచ్చింది. భానుచందర్ బ్రేకు వేశాడు. బండికి ఏమీ కాలేదు, మేకకు ఏమీ కాలేదు. నానమ్మ ఒళ్లో ఉన్న నవ్య మాత్రం ఎగిరిపోయి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. పెదవి చిట్లింది, పన్ను ఊడింది. ఇంట్లో అందరూ కలిసి దిష్టి తగిలిందని తేల్చారు. మొగిలమ్మ గుమ్మడికాయ పగలగొట్టి, బండికి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి కట్టింది. అంతటితో సంగతి ముగిసిందనుకున్నారు.

సుకన్యకు ముగియలేదు. ఆమె కొలిచి చూడనిదే ఏదీ నమ్మదు. రంగు పోదని అమ్మేవాడు ఒట్టేసి చెప్తాడు, తడిపితే నీళ్లలో దిగే రంగు మాత్రం కొన్నదానికే కనబడుతుంది. అందుకే ఏ గుడ్డనైనా ముందు ఒక మూల తడిపి చూసేది. ఈ సంగతినీ అలాగే తడిపి చూసింది. ఆ రోజు బండి ముప్పై మీద ఉంది. హైవే మీద తొంభై మీద పోతుంది. ముప్పైకి ఒక పన్ను పోతే తొంభైకి ఏం పోవాలి? ఎదురింటి ఖలీల్ ఇరవై ఏళ్లుగా క్యాబ్ నడుపుతున్నాడు. అతన్ని అడిగింది.

"మూడింతల స్పీడుకు దెబ్బ మూడింతలు గాదక్కా, తొమ్మిదింతలు! ఎంత గట్టిగ పట్టుకున్నా చేతుల పిల్ల ఆగది. ఇగ ముందు సీట్ల ఎయిర్‌బ్యాగ్ ఉంటది సూడు... బెల్టు పెట్టుకున్న పెద్దమనిషికి అది మెత్త. ఒళ్లె కూసున్న పిల్లకు అదే పిడుగు. పిల్లలకు వెనక సీటే, వాళ్ల కుర్చీ వాళ్లకే. అల్లా కసమ్ అక్కా, నా పిల్లలను గూడ గట్లనే తీస్కపోత."

ఆ మాట విన్న మర్నాడే, కారు సీటుకు బిగించి పిల్లను కూర్చోబెట్టే కుర్చీ తెప్పించింది సుకన్య. మొగిలమ్మ దాన్ని చూసి, "ఇదేమన్న కలెక్టరమ్మనా, కుర్చేసి కూసోబెట్ట?" అని అటక మీద పడేయించింది. రెండుసార్లు దించింది సుకన్య. రెండుసార్లూ అది అటకెక్కింది! ఇవాళ మూడోసారి దించి, తెల్లారకముందే వెనక సీట్లో తనే బిగించింది.

"అమ్మాయ్," సదానందం మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు, "మా కాలంల ఎడ్లబండి మీద పదిమందిమి పోయినం. ఏ బెల్టులుండె మాకు? అందరం బతికిలేమా?"

"మీ ఎడ్లు తొంభై మీద ఉరికినయా మామయ్యా?"

గోడ మీద నుంచి చూస్తున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. సదానందం ముఖం కందగడ్డయింది. "నువ్వు అడ్డమొస్తే ఆగుతమా? అక్కా, దా... ఎక్కు!" అన్నాడు.

సుకన్య తలుపులు వేసి, కుర్చీ బిగించినప్పటి నుంచి తన దగ్గరే ఉన్న రిమోట్ తాళం నొక్కింది. కారు టిక్కుమని నాలుగు తలుపులకూ గడియలు పడ్డాయి. తాళాన్ని కొంగున ముడేసి బొడ్లో దోపుకుంది.

సదానందం ఊరుకునే రకం కాదు. అద్దం సగం దించి ఉండటం చూసి, లోపలికి చెయ్యి పెట్టి గొళ్లెం లాగాడు. అంతే! కారు కుయ్యో మొర్రో అని అరవడం మొదలుపెట్టింది! లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. గల్లీలో కుక్కలన్నీ లేచాయి. సదానందం చెయ్యి లాక్కోబోయి మోచెయ్యి అద్దంలో ఇరికించుకుని, "అరెరె... ఆపుండ్రి! నేను దొంగను గాదు!" అని కేకలు పెట్టాడు.

"మీరు దొంగ గాదని మాకు ఎరుకనే మామయ్యా. బండికి మీరు చుట్టమని ఎరుకలేదు గద!" అంటూ సుకన్య తాళం నొక్కి ఆపింది. "బండికి దొంగొస్తే అరుస్తదని మస్తు బండి అంటిరి. పానానికి దొంగొస్తాంది, బెల్టు పెట్టుకోండ్రని అదే బండి టింగు టింగుమంటే మాత్రం దాని నోరు మూసిండ్రు!"

"ఎవలు మూసిండ్రే?" మొగిలమ్మ అడిగింది. "అదేదో అలవాటై ఊకున్నది గద?"

సుకన్య ముందు తలుపు తీసింది. సీటు పక్కన బెల్టు బిగించే సందులోంచి ఒక ఇనుప బిళ్లను పీకి అత్త కళ్ల ముందు పెట్టింది. బెల్టుకు చివర ఉండే నాలుకలాగే ఉంది అది. దానికి బెల్టు మాత్రం లేదు.

"ఇది దూర్చితే బండి బెల్టు పెట్టుకున్నరనుకుంటది. మీ కొడుకు తెచ్చిండు. ఉత్త నాలుక అత్తమ్మా ఇది... అబద్ధమాడే నాలుక!"

భానుచందర్ తల దించుకున్నాడు. "నీ కోసమేనమ్మా... ఆ మోతకు నీకు తలనొప్పి లేస్తాందంటివి..."

మొగిలమ్మ కొడుకు వంక చూసింది, బిళ్ల వంక చూసింది. ఉన్నట్టుండి వాకిట్లోనే కూలబడి భోరుమంది!

"నాకు ఆ పట్టీ వద్దురా... నన్ను దానితోని కట్టకుండ్రి! మీ నాయినను కట్టింది గూడ గట్లనే గదరా! భుజం మీదికెళ్లి నడుం దాకా... పాడె మీద... ఈ కండ్లతోని చూసిన్నే తల్లీ! ఆ పట్టీ గుంజినప్పుడల్ల నాకు ఆయన్నే కనబడతాండు! బతికున్నదాన్ని పాడెకు కట్టినట్టు కడతరా నన్ను?"

నాలుగేళ్లయింది మామ వెంకటయ్య పోయి. నాలుగేళ్లుగా అత్త మొండితనమని సుకన్య అనుకున్నది మొండితనం కాదు... దుఃఖం! సుకన్య గుండె నీరైపోయింది. కళ్లు ధారలు కట్టాయి. పక్కన కూర్చుని అత్త భుజం పట్టుకుంది. గోడ మీది ఆడవాళ్లు ఇక ఈమె మెత్తబడుతుందనుకున్నారు. భానుచందర్ కూడా అనుకున్నాడు. 'చూసినవా?' అన్నట్టు చెయ్యి చాచి తాళం అడిగాడు.

"ఇయ్య!" అంది సుకన్య కన్నీళ్లలోంచే, కొంగు ముడిని గుప్పిట బిగించి. "అత్తమ్మా, ఏడువుండ్రి. కడుపునిండ ఏడువుండ్రి, నేను గూడ ఏడుస్త. పోయిన మామయ్య నాకు తండ్రి లెక్క. కానీ కట్టంటే పాడె కట్టొక్కటేనా? నవ్య పుట్టినప్పుడు దవాఖాన నుంచి వచ్చిన రోజు, మీ పాత నేత చీర చింపి నాకు నడికట్టు కట్టింది ఎవరు? నొప్పి లేస్తాంది వద్దని నేను మొత్తుకుంటే ఏమన్నరు? 'పచ్చి ఒళ్లు పిల్లా, పట్టుకునే కట్టు లేకపోతే కూలిపోతవ్' అనలే? ఇరవై ఒక్క రోజులు మీ చేతులతోని కట్టిండ్రు. ఈ గల్లీల ఏ బాలింతకైనా మీరే కడతరు. అది చచ్చినోళ్ల కట్టా అత్తమ్మా?"

మొగిలమ్మ ఏడుపు ఆగింది. ముక్కు చీదుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నా కోసమని బండిని మోసం జేసినవా, నన్ను మోసం జేసినవారా?"

భానుచందర్ సుకన్య చేతిలోంచి బిళ్ల తీసుకుని, నాలుగడుగులు వేసి మోరీ కాలువలో పడేసి వచ్చాడు. వచ్చి, "తప్పయింది సుకన్యా... నువ్వెట్లంటే గట్లనే," అన్నాడు. సుకన్య కొంగు ముడి విప్పి తాళం అతని చేతిలో పెట్టింది.

వెనక ఒక పక్క మొగిలమ్మ, మరో పక్క సుకన్య, నడుమ కుర్చీలో మహారాణిలా నవ్య. తలుపులు మూసేముందు వాటి అంచున ఉన్న చిన్న మీటను రెండు వైపులా కిందికి జరిపింది సుకన్య. పిల్లలు లోపలినుంచి తలుపు తీయకుండా అది ఆపుతుంది. తను బెల్టు పెట్టుకుంది. అత్తకు నెమ్మదిగా భుజం మీదుగా లాగి బిగించింది. మొగిలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది... తెరిచింది... కోడలి నడుము వంక చూసింది.

"ఎవలు నేర్పిండ్రే నీకు? పొట్ట మీద కడతరానే కట్టు? కిందికి దించు! తుంటి బొక్కల మీద ఉండాలె. మెత్తటి కాడ కడితే లోపలియన్ని నలుగుతయ్!" అంటూ చెయ్యి చాపి కోడలి బెల్టు కిందికి జరిపింది. తర్వాత మనుమరాలిది జరిపింది. చివరికి తనదీ సర్దుకుంది.

ఖలీల్ కూడా అచ్చం ఇదే చెప్పాడు... హడావిడిలో సుకన్యే మరిచిపోయింది!

ముందు సీట్లో సదానందం బెల్టు పెట్టుకోకుండా బిగుసుకు కూర్చున్నాడు. బండి టింగు టింగుమంది. ఆగలేదు. "ఏసుకోరాదురా!" అని అరిచింది మొగిలమ్మ. "చెవులు పోతానయ్! నీ మీసానికి ఊడిపోయేదేం లేదు!" సదానందం మూతి ముడుచుకుని బెల్టు బిగించాక గానీ మోత ఆగలేదు.

స్టేషన్ ఘనపూర్ దాటేదాకా మొగిలమ్మ పిడికిట్లో ఆ పట్టీని పట్టుకునే ఉంది. తర్వాత వేళ్లు వదులయ్యాయి. కిటికీలోంచి పత్తి చేలను చూస్తూ మెల్లగా అంది, "మీ మామ ఉంటే అందరికన్న ముందుగాల పెట్టుకుంటుండె. కొత్త వస్తువంటే పానం ఆయనకు..." సుకన్య నవ్య మీదుగా చెయ్యి చాపి అత్త చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ మళ్లీ కళ్లు చెమర్చాయి. ఈసారి ఎవరూ దాచుకోలేదు.

పదకొండుకు ముందే రఘునాథపల్లి చేరారు. మొగిలమ్మ పసిదాన్ని తొట్టెల్లో వేసింది, పాట పాడింది, భోజనాలయ్యాయి. ఇక బాలింతను, పాపను పోచమ్మ గుడికి తీసుకుపోయి మొక్కించాలి. సదానందం కొడుకు వంశీ తన కారు తెచ్చి వాకిట్లో ఆపాడు. అతని భార్య పాపను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. చుట్టాలంతా చూస్తున్నారు.

సుకన్య ఒక అడుగు ముందుకేసింది, ఆగిపోయింది. పరాయి ఇల్లు, శుభకార్యం... తను నోరు తెరిస్తే పొద్దటి లొల్లి ఊరంతా పాకుతుంది. అయినా సరేననుకుని కొంగు దోపుకునేలోపు, ఆమెను పక్కకు జరిపి ఎవరో ముందుకు పోయారు.

మొగిలమ్మ!

పోయి, నడుస్తున్న ఇంజను ముందు, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"దిగు బిడ్డా. పిల్లను తీస్కోని దిగు!"

"అత్తమ్మా, గుడి దాకనే గదనే!" అన్నాడు వంశీ.

"గుడి దాకనే అయితే కాళ్లెందుకున్నయ్ రా? పసిదానికి కుర్చీ తెచ్చినంక బండెక్కియ్యి. అప్పటిదాక నా చేతుల ఉంటది... నడుచుకుంట!"

సదానందం తల పట్టుకున్నాడు. "అక్కా! నలుగుట్ల నవ్వులపాలు జెయ్యకు. కోడలి పిచ్చి నీకు గూడ పట్టిందా?"

"పిచ్చి పట్టలేదురా!" మొగిలమ్మ గొంతు పందిరంతా వినబడింది. "పడిపోయేదాన్ని నా కోడలు పట్టుకున్నది! నవ్వేటోళ్లుంటే నవ్వుండ్రి. నా మనుమరాలి పన్ను పోయినప్పుడు దిష్టన్న... దిష్టి గాదు, తప్పు నాది! నేనే ఒళ్లె కూసోబెట్టుకున్న! అందరి ముంగట ఒప్పుకుంటాన్న!"

పందిట్లో ఎవరూ నవ్వలేదు. బాలింత మెల్లగా కారు దిగింది. మొగిలమ్మ పసిదాన్ని ఎదకు హత్తుకుని, తలకు కొంగు కప్పి, వీధిలోకి నడిచింది. పక్కన బాలింత, వెనక సుకన్య, నవ్య, ఆ వెనక ఒక్కొక్కరుగా ఆడవాళ్లందరూ. వంశీ ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, అందరికన్నా చివర నడిచాడు.